క్యామెల్‌బ్యాక్ కొండ ఎక్కాలంటే: ముందు నీళ్ల లెక్క, తర్వాతే కాళ్ల లెక్క

అమెరికాలో, అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్‌లో విమానం దిగేటప్పుడు కిటికీ పక్క సీటు దొరికితే గమనించండి. ఊరి మధ్యలో ఎర్రటి కొండ ఒకటి, కాళ్లు ముడుచుకుని కూర్చున్న ఒంటెలా ఉంటుంది. ఒకవైపు తల, ఇంకోవైపు మూపురం. అదే క్యామెల్‌బ్యాక్. చుట్టూ ఇళ్లు, ఈతకొలనులు, గోల్ఫ్ మైదానాలు. టెంపీలో చదివే మన పిల్లలు, చాండ్లర్‌లో చిప్ కంపెనీల్లో పనిచేసే మనవాళ్లు, వాళ్లని చూడటానికొచ్చే అమ్మానాన్నలు ఎప్పుడో ఒకప్పుడు "ఒకసారి ఎక్కొద్దామా" అనుకునే కొండ ఇది. శిఖరం ఎత్తు 2,704 అడుగులు, అంటే దాదాపు 824 మీటర్లు. దగ్గరి దారి చూస్తే ఒకవైపు రెండు కిలోమీటర్లు కూడా ఉండదు.

చిక్కంతా అక్కడే. రెండు కిలోమీటర్లే కదా, కింద కారు కనిపిస్తూనే ఉంది కదా అనుకుంటాం. నేను మొదటిసారి మే నెలలో, ఉదయం పదింటికి, చేతిలో అరలీటరు సీసాతో బయల్దేరాను. సగం దారిలోనే సీసా ఖాళీ. కాళ్లు బాగానే ఉన్నాయి, ఊపిరీ బాగానే ఉంది, తల మాత్రం దిమ్ముగా అయిపోయింది. నీడ కోసం వెతికితే రాయి పక్కన జానెడు చోటుంది. దాంట్లో ఒళ్లు ముడుచుకుని కూర్చుంటే, దిగుతున్న ఒక పెద్దావిడ తన నీళ్లలో సగం నా సీసాలో పోసి, "నాతోపాటే దిగు" అని వెంటబెట్టుకుని తీసుకెళ్లింది. ఆ రోజు నేర్చుకున్నదీ, తర్వాత చాలాసార్లు ఎక్కి నేర్చుకున్నదీ ఇక్కడ రాస్తున్నాను.

ఏ రోజు, ఏ వేళ

నవంబర్ నుంచి మార్చి దాకా మంచి కాలం. ఏప్రిల్‌లోనూ అక్టోబర్‌లోనూ తెల్లారుజామున వెళ్తే పర్లేదు. మే నుంచి సెప్టెంబర్ దాకా, అలవాటు లేనివాళ్లు మానుకోవడమే మంచిది. ఫీనిక్స్ ఎండ సంగతి ఊరికే చెప్పడం లేదు. 2023లో జూన్ చివర మొదలై వరసగా 31 రోజులు 110 డిగ్రీలు, అంటే మన లెక్కలో 43 సెల్సియస్, తాకకుండా ఒక్క రోజూ లేదు.

"రెంటచింతల ఎండలు చూసినవాళ్లం, మాకిదో లెక్కా" అంటారా? తేడా ఉంది. విజయవాడలో మే నెలలో నాలుగడుగులు వేస్తే చొక్కా తడిసి ముద్దవుతుంది. ఒంట్లోంచి నీళ్లు పోతున్నాయని మనకే తెలుస్తుంది. ఇక్కడ గాలి పొడి. చెమట పట్టడమూ ఆరిపోవడమూ ఒకేసారి జరుగుతాయి. చొక్కా పొడిగానే ఉంటుంది, కాబట్టి ఏమీ పోలేదనుకుంటాం. కింద దిగాక టోపీ అంచు చూసుకుంటే తెల్లగా ఉప్పు చార కట్టి ఉంటుంది. దాహం వేసేదాకా ఆగితే అప్పటికే ఆలస్యమైనట్టు.

వాతావరణ శాఖ తీవ్ర వేడి హెచ్చరిక ఇచ్చిన రోజుల్లో ఈ కొండ మీది రెండు దారులనూ నగరపాలక సంస్థ పగటిపూట మూసేస్తుంది. 2021లో ఈ పద్ధతి మొదలైనప్పుడు ఉదయం 11 నుంచి సాయంత్రం 5 దాకా మూసేవాళ్లు. తర్వాత ఇంకా పొద్దున్నే మూయడం మొదలుపెట్టారు. ఆ రోజు వేళలు నగర పార్కుల శాఖ పేజీలో ముందు రాత్రే చూసుకోండి. హెచ్చరిక లేని రోజు భద్రమైన రోజని మాత్రం అర్థం చేసుకోకండి. 100 డిగ్రీల రోజున ఏ హెచ్చరికా ఉండకపోవచ్చు, కొండ మీద రాయి మాత్రం పెనంలా కాలుతూనే ఉంటుంది.

దారులు సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం వరకే తెరిచి ఉంటాయి. అరిజోనాలో చాలా భాగం మన ఇండియాలాగే వేసవికీ చలికీ గడియారం మార్చదు, అందుకని జూన్‌లో ఐదుంబావు దాటగానే తెల్లారిపోతుంది. డిసెంబర్‌లో సూర్యోదయం ఏడు దాటాక, చీకటి సాయంత్రం ఐదున్నరకే. శీతాకాలంలో మధ్యాహ్నం మూడింటికి ఎక్కడం మొదలుపెడితే దిగేటప్పుడు ఫోన్ లైట్ పట్టుకుని రాళ్లు తడుముకోవాలి. రానూపోనూ రెండు నుంచి మూడు గంటలు లెక్కేసుకోండి. పరిగెత్తి నలభై నిమిషాల్లో ఎక్కేవాళ్లు మీ పక్కనుంచే పోతారు, వాళ్లని చూసి మీ లెక్క మార్చుకోకండి.

ఏ వైపు నుంచి?

ఎకో క్యానియన్ దారి ఒకటి, చోయా దారి ఒకటి. రెండూ ఒకే శిఖరానికి చేరతాయి.

ఎకో క్యానియన్ దారి టేటమ్ బొలెవార్డ్, మెక్‌డొనాల్డ్ డ్రైవ్ కలిసే చోటికి దగ్గర్లో మొదలవుతుంది. సుమారు 1.2 మైళ్లలో దాదాపు 1,280 అడుగులు ఎక్కిస్తుంది. అంటే సుమారు 120 అంతస్తుల మేడ, లిఫ్టు లేకుండా. కొండకు పడమటి వైపు కాబట్టి పొద్దున్నే కొంతసేపు నీడ దొరుకుతుంది. పార్కింగ్, మరుగుదొడ్లు, తాగునీళ్లు మొదట్లోనే ఉన్నాయి. పైకి పోయాక ఏమీ లేవు. శనాదివారాల్లో పార్కింగ్ తెల్లారేసరికే నిండిపోతుంది. పక్క వీధుల్లో కారు పెడితే జరిమానా చీటీ రాసి చేతిలో పెడతారు. ఊబర్‌లో దిగిపోవడం నయం.

చోయా దారి తూర్పున ఇన్వర్‌గార్డన్ రోడ్డు నుంచి. కాస్త పొడవు, ఒకటిన్నర మైళ్లకు అటూ ఇటూ. మొదట్లో నెమ్మదిగా మలుపులు తిరుగుతూ పోతుంది, కింద రిసార్టు పచ్చిక కనిపిస్తూ ఉంటుంది. అసలు పని చివర్లో. శిఖరం దగ్గరపడ్డాక రాళ్ల గట్టు మీద చేతులూ కాళ్లూ వాడి పాకాలి, రెండు పక్కలా లోతు కనిపిస్తుంది. పొద్దుటి ఎండ నేరుగా ముఖం మీదే. సొంత పార్కింగ్ లేదు, రోడ్డు పక్కన బోర్డులు పెట్టిన చోటే ఆపాలి.

ఎత్తులంటే భయం ఉన్నవాళ్లు ఎకో వైపు వెళ్లండి. మోకాళ్లకు నిటారు మెట్లు పడనివాళ్లకు చోయా కొంచెం నయం. ఏ దారైనా నగరం వీటిని "అత్యంత కఠినం" అనే జాబితాలో పెట్టింది, అది అలంకారం కోసం కాదు. కుక్కల్ని రెండు దారుల్లోనూ రానివ్వరు.

ఎప్పుడూ కొండ ఎక్కనివాళ్లు నేరుగా ఇక్కడికి రావద్దు. ముందు టెంపీలో అందరూ 'ఏ మౌంటెన్' అనే హేడెన్ బ్యుట్ రెండు మూడుసార్లు ఎక్కి చూడండి. యూనివర్సిటీ స్టేడియం పక్కనే, అరగంట పని. తర్వాత పయెస్టెవా శిఖరం. 2003లో ఇరాక్‌లో చనిపోయిన సైనికురాలు లోరీ పయెస్టెవా పేరు దానికి పెట్టారు. అమెరికా సైన్యంలో పోరాటంలో మరణించిన మొదటి ఆదివాసీ మహిళ ఆమె. ఆ దారీ నిటారే కానీ రాళ్లు చాలావరకు మెట్లలా పేర్చి ఉంటాయి. అది ఎక్కి, మర్నాడు ఆఫీసుకు మామూలుగా నడిచి వెళ్లగలిగితే క్యామెల్‌బ్యాక్‌కు సిద్ధమే.

సంచిలో

చల్లటి కాలంలో మనిషికి రెండు లీటర్లు, కాస్త వేడిగా ఉంటే మూడు. ఒక పెద్ద సీసా కాకుండా లీటరు సీసాలు విడివిడిగా తీసుకోండి, ఎందుకో కింద చెప్తాను. ఒకదాంట్లో ఓఆర్ఎస్ పొడి గానీ, ఉప్పూ పంచదారా నిమ్మరసం గానీ కలపండి. గంటల తరబడి ఉత్త నీళ్లే తాగుతూ ఉంటే ఒంట్లో ఉప్పు పలచబడిపోయి అదో ప్రమాదం. పల్లీ చిక్కీ, రెండు నారింజలు చాలు. ముందు రాత్రి బిర్యానీ పార్టీ పెట్టుకోకండి.

బూట్లకి పట్టు ఉండాలి. దీనికి కారణం కొండలోనే ఉంది. మూపురం భాగం సుమారు 150 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. అది పైపైన పొడిపొడిగా రాలి రాతి మీద గరుకు ఇసుకలా పరుచుకుని ఉంటుంది. సిమెంటు నేల మీద రాగులు ఒలికిపోతే వాటి మీద కాలు పెట్టినట్టు, సర్రున జారుతుంది. అరిగిపోయిన జిమ్ బూట్లు, చెప్పులు అస్సలు వద్దు. ఒంటె తల మాత్రం ఎర్రటి అవక్షేప శిల, వయసులో చాలా చిన్నది. ఎకో దారి మొదట్లో మీ పక్కన గోడలా లేచేది అదే.

అంచు వెడల్పున్న టోపీ, పొడుగు చేతుల లేత రంగు చొక్కా, సన్‌స్క్రీన్. పత్తి తువ్వాలు ఒకటి. తడిపి మెడ చుట్టూ వేసుకుంటే ఈ పొడిగాలికి కూలర్ పెట్టినంత హాయి. ఫోన్ నిండా ఛార్జింగ్. ఇంకా ఒక దువ్వెన. నవ్వకండి, దువ్వెన తప్పనిసరి.

బీపీకి నీళ్లు పోయే మాత్రలు వేసుకునేవాళ్లు, గుండె జబ్బు, షుగర్ ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా బయల్దేరొద్దు.

ఎక్కేటప్పుడు

ఎకో వైపు నుంచి చెప్తాను, ఎక్కువమంది వెళ్లేది అదే. మొదట కలప అడ్డాలు వేసిన మెట్లు. ఇక్కడే ఉత్సాహం ఎక్కువై అందరూ పరుగు పెడతారు. పక్కవాళ్లతో పూర్తి వాక్యం మాట్లాడగలిగే వేగంతో నడవండి. మాట మధ్యలో ఊపిరి తెగితే ఆగండి. పావుగంట నడిచాక తలకీ మూపురానికీ మధ్య ఒంటె మెడలాంటి చోటికి చేరతారు. గాలి వీస్తుంది, ఊరు కనిపిస్తుంది. నిలబడి నాలుగు గుక్కలు తాగండి.

తర్వాత కొండకు ఆనుకుని మొదటి ఇనుప కమ్మీ. రాయి నున్నగా అరిగిపోయి ఉంటుంది. ఒక చేత్తో కమ్మీ పట్టుకుని పాదం మొత్తం ఆనించి నడిస్తే చాలు. కాసేపటికి రెండో కమ్మీ వస్తుంది, ఇది ఇంకా నిటారు. ఎండ పడ్డాక కమ్మీ చురుక్కుమంటుంది, పల్చటి గ్లోవ్స్ ఉంటే మంచిది. కమ్మీ పట్టుకున్న చేతులతో మిమ్మల్ని మీరు పైకి లాక్కోకండి. తోసే పని కాళ్లది, చేతులు తూలకుండా ఉండటానికే. చేతులతో లాగినవాళ్లకి పైకొచ్చేసరికి భుజాలు పట్టేస్తాయి, ఇంకా బండరాళ్లు మిగిలే ఉంటాయి.

మా నాన్న ఇక్కడే ఆగిపోయారు. ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడు, "ఏరా, అలిపిరి మెట్లు 3,550 ఎక్కినవాణ్ణి, నాకు జాగ్రత్తలు చెప్తావా?" అన్నారు. "అక్కడ నెత్తి మీద కప్పుంది నాన్నా, అడుగడుక్కీ నీళ్లున్నాయి, దిగడానికి బస్సుంది" అన్నాను. రెండో కమ్మీ కిందకొచ్చి తలెత్తి చూశారు. ఏమీ అనకుండా ఒక బండ మీద కూర్చుని, బూటు విప్పి ఇసుక దులిపి, మళ్లీ వేసుకున్నారు. "నువ్వెళ్లి రారా, నేనిక్కడే కూర్చుంటా" అన్నారు. ఆ మాట వినకండి. ఒకళ్లని దారిలో వదిలేసి పైకి వెళ్తే, ఆ ఒక్కళ్లకి ఎండ తగిలినా, విసుగొచ్చి ఒంటరిగా దిగబోయి కాలు మడతపడినా చూసేవాళ్లు ఉండరు. కలిసి ఎక్కినవాళ్లు కలిసే దిగాలి. మేము దిగిపోయాం. కారులో ఆయన ఒక్కటే అన్నారు, "ఆ కమ్మీ కాస్త పొట్టిగా ఉంటే ఎక్కేసేవాణ్ణి."

కమ్మీలు దాటాక వచ్చే బండల వాగులాంటి చోటే ఈ దారిలో అసలు పరీక్ష. దారి ఇదీ అని ఒక గీతలా కనిపించదు, బండ మీంచి బండ మీదకి ఎక్కుతూ పోవాలి. ముందు చూపు, తర్వాత చెయ్యి, చివర్న కాలు. కనిపించని సందులో చెయ్యి పెట్టొద్దు. ఎక్కేవాళ్లకు దిగేవాళ్లు దారివ్వడం ఇక్కడి మర్యాద, కానీ మీకు ఊపిరాడకపోతే మీరే పక్కకి జరిగి వాళ్లని పోనిస్తే ఆ వంకతో అలుపు తీర్చుకోవచ్చు. శిఖరం వచ్చేసిందనుకున్న చోట ఇంకో గుట్ట కనిపిస్తుంది. అది కూడా శిఖరం కాదు.

పైన చోటు కాస్త సమతలంగా ఉంటుంది. వాయవ్యాన పయెస్టెవా, తూర్పున దూరంగా సూపర్‌స్టిషన్ కొండలు, నైరుతిలో విమానాలు దిగడం. కింద కొండ పాదం దాకా ఇళ్లే. ఈ ఇళ్లు ఇంకా పైకి పాకకుండా ఆగాయంటే దానికో పోరాటం జరిగింది. సెనేటర్ బ్యారీ గోల్డ్‌వాటర్ లాంటివాళ్లు పూనుకుని, 1968లో కొండ పై భాగం నగరం చేతికి వచ్చేలా చేశారు. ఫోటోలు తీసుకోండి, అంచుకి వెనక్కి నడుస్తూ మాత్రం కాదు.

వెనక్కి తిరిగే లెక్క

నీళ్లు విడి సీసాల్లో తెమ్మన్నది దీనికే. మీ దగ్గర రెండు లీటరు సీసాలున్నాయనుకోండి. మొదటిది ఖాళీ అయి రెండోదాని మూత తీయాల్సి వచ్చిందంటే, మీరు ఎక్కడున్నా సరే దిగడం మొదలుపెట్టాలి. శిఖరం ఇంకా పది నిమిషాలే ఉన్నా అంతే. "ఇంత దూరం వచ్చాం కదా" అనే మాట మీ గుంపులో ఎవరో ఒకరు అంటారు, తప్పకుండా అంటారు. సీసా చూపించండి. వాదన అక్కర్లేదు, అందుకే ఈ పద్ధతి నాకిష్టం. మూడు సీసాలు తెస్తే రెండోదాని సగంలో తిరగండి.

తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం, కాళ్ల పిక్కలు పట్టేయడం, వీటిలో ఏది మొదలైనా నీళ్లు ఎన్ని ఉన్నా సరే వెనక్కే.

దిగడం

ప్రమాదాలకి దిగడంలో చోటెక్కువ. అలిసిన తొడలు వణుకుతుంటాయి, మనసేమో అప్పటికే కారు ఏసీలో ఉంటుంది. చిన్న అడుగులు వేయండి, మోకాళ్లు కాస్త వంచి ఉంచండి. ఎత్తు బండల దగ్గర సిగ్గుపడకుండా కూర్చుని జారండి, లేదా నిచ్చెన దిగినట్టు రాతివైపు తిరిగి దిగండి. ప్యాంటు వెనక చిరిగితే చిరిగింది. కమ్మీల దగ్గర చేతికర్రలు మడిచి సంచిలో పెట్టేయండి. ఇసుక పరుచుకున్న వాలు రాయి కంటే పక్కనున్న గరుకు రాయి మీద అడుగు నయం.

ముళ్లు, పాములు, తేనెటీగలు

చేతులు పైకెత్తి నిలబడ్డ మనిషిలా ఉండే పెద్ద జెముడు సవారో. స్పెల్లింగ్‌లో 'గ' ఉంటుంది, పలకడంలో ఉండదు. దాంతో గొడవ లేదు. గొడవంతా చోయా అనే ఇంకో జెముడుతో. బంగారు రంగు నూగులా ముద్దుగా ఉంటుంది, పక్కనుంచి పోతే దూకి పట్టుకుందా అన్నట్టు ఒక ముద్ద ఊడి బట్టకో పిక్కకో అతుక్కుంటుంది. చేత్తో లాగితే చేతికే అంటుకుంటుంది. దువ్వెన పళ్లు ముద్దకీ ఒంటికీ మధ్య దూర్చి ఒక్కసారి అవతలికి విదిలించండి, ఎదురుగా ఎవరూ లేకుండా చూసుకుని. మిగిలిన ముళ్లు ఇంటికెళ్లాక ట్వీజర్‌తో.

గిలక పాములు (రాటిల్‌స్నేక్‌లు) వసంతం నుంచి శరత్తు దాకా తిరుగుతాయి. వాటి చప్పుడు గజ్జెల్లా ఉంటుందనుకుంటాం, కాదు. వేడి నూనెలో తాలింపు పడ్డట్టు చరచరమంటుంది. వినపడగానే ఆగి, ఎక్కడుందో చూసి, నెమ్మదిగా వెనక్కి జరగండి. కరిస్తే కట్టు కట్టడం, గాటు పెట్టడం, నోటితో పీల్చడం ఏవీ చేయొద్దు. కూర్చోబెట్టి అత్యవసర నంబర్ 911కి ఫోన్ చేయండి. తేనెటీగలు కమ్ముకుంటే చేతులు ఆడించకుండా ముఖం కప్పుకుని, రాళ్లు చూసుకుంటూనే, వీలైనంత దూరం పోవాలి.

ఎవరికైనా బాగోకపోతే

వడదెబ్బ తగిలిన మనిషి తిక్కతిక్కగా మాట్లాడతాడు, "నాకేం కాలేదు" అంటాడు. ఆ మాట నమ్మకుండా వెంటనే 911. దారి పొడవునా నంబర్లున్న గుర్తులుంటాయి. దగ్గర్లో కనిపించిన నంబర్ చెప్తే సహాయ సిబ్బంది నేరుగా అక్కడికే వస్తారు. అందుకే ఎక్కుతున్నప్పుడే ఆ నంబర్లు గమనిస్తూ ఉండండి. ఈలోగా నీడకు చేర్చి, మెడ మీద, చంకల్లో నీళ్లు పోసి, టోపీతో గట్టిగా విసరండి. తడి తువ్వాలు ఇక్కడ అక్కరకొస్తుంది. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయొద్దు. అగ్నిమాపక సిబ్బంది ఒంటి చక్రం ఉన్న స్ట్రెచర్ మీద దించుతారు, వీలుకాని చోట హెలికాప్టర్ వస్తుంది. తెలుగులో కంగారుగా అరవడం మానేసి, ఒక్కళ్లే ఫోన్‌లో నిదానంగా మాట్లాడండి. ఇది మా గుంపును చూసి చెప్తున్న మాట.

కిందకొచ్చాక

మిగిలిన నీళ్లు పూర్తిగా తాగండి, చిక్కీ తినండి. పది నిమిషాలు నీడలో కూర్చున్నాకే స్టీరింగ్ పట్టుకోండి. కారెక్కే ముందు బూట్లు విప్పి దులిపి, ప్యాంటు వెనక వైపు ఒకళ్లవి ఒకళ్లు చూసుకోండి. ఒకసారి ఈ పని మర్చిపోయాను. వెనక సీటులో చేరిన చోయా ముల్లు మూడు వారాల తర్వాత గుడికి వెళ్తుంటే దొరికింది. దొరికింది నాకు కాదు, పట్టుచీర కట్టుకుని కూర్చున్న మా అత్తగారికి.